సైరన్ వినబడేంత దూరం

1974లో మా నాన్నకు కాజీపేట నుంచి లాలాగూడ వర్క్‌షాపుకు బదిలీ అయింది. ఇల్లు వెతకడానికి వచ్చిన రోజు ఆయన గదులు కొలవలేదు, కిటికీలు తెరిచి చూడలేదు. మెట్టుగూడలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, షిఫ్టు సైరన్ మోగేదాకా ఆగాడు. వినబడింది. నెలకు 60 రూపాయల అద్దెకు ఒప్పేసుకున్నాడు. అమ్మ అడిగింది ఒకటే: "నల్లా ఎప్పుడొస్తది?"

ఏరియా నచ్చి ఇల్లు తీసుకోవడం ఈ ఊరికి కొత్త అలవాటు. లష్కర్‌లో (పాతవాళ్ళకు సికింద్రాబాద్ ఇప్పటికీ లష్కరే) పనే ఇల్లు చూపించేది. 1798 ఒప్పందం తర్వాత ఇంగ్లీషు పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేశాయి. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. పటాలం వెనకాలే గడ్డి కోసేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, మద్రాసు వైపు నుంచి తమిళ ముదలియార్లు వచ్చారు. దండులోకి వచ్చే సరుకుకు సుంకం లేదు. ఇంకేం, వ్యాపారులూ దిగారు. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ అలా పుట్టినవే. బోయిగూడ డోలీలు మోసే బోయీల గూడెం. పేరే చెబుతోంది.

డోలీ మోసేవాడే సురటి అప్పయ్య. 1813లో పటాలంతో ఉజ్జయిని వెళ్ళాడు. ఇక్కడ కలరాతో జనం పోతున్నారని విని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహం నిలిపాడు. లష్కర్ బోనాలు జరిగేది ఆ గుడిలోనే. బదిలీ మీద వెళ్ళినవాడు అమ్మవారిని వెంటబెట్టుకొచ్చాడు. మా నాన్న ఒక ట్రంకుపెట్టె తెచ్చాడు.

1874లో రైలొచ్చింది, 1893లో లాలాగూడ వర్క్‌షాపు. అక్కణ్ణుంచి మెట్టుగూడ, చిలకలగూడ, సీతాఫల్‌మండి రైల్వే కుటుంబాలతో నిండాయి. ఇల్లుగలవాళ్ళు "ఏ షాపు?" అని అడిగేవారు. కిరాణా షాపు కాదు, వర్క్‌షాపులో ఏ విభాగమని. కులం కూడా అడిగేవారు, దాచడమెందుకు. రైల్వే మనిషని తెలిస్తే మాత్రం సేటు మారుమాట లేకుండా ఉద్దెర పుస్తకం తెరిచేవాడు, జీతం రోజు తప్పదు కదా. డబ్బున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు వాకర్ టౌన్ ఉండేది, ఇప్పటి పద్మారావు నగర్. దివాన్ బహదూర్ పద్మారావు ముదలియార్ పేరు అది. మా నాన్న ఆ వీధుల్లో సైకిల్ దిగి నడిచేవాడు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

మా అబ్బాయి ఆఫీసు రాయదుర్గం దగ్గర. పెళ్ళయ్యాక ఇల్లు చూసుకోమంటే ఫోన్‌లో నలభై ఫ్లాట్లు చూపించాడు. జిమ్ము, స్విమ్మింగ్ పూలు, ఇంకేవేవో. "స్టేషన్‌కు నడిచి ఎంతసేపు?" అని వాడే ప్రతిదాన్నీ కొట్టేశాడు. 2017 నవంబరులో మొదలైన మెట్రోకు మెట్టుగూడలో స్టేషనుంది. చివరికి మా పాత అద్దింటికి రెండు గల్లీల అవతల కుదిరాడు.

నల్లా రోజు విడిచి రోజు వస్తోంది.