బొర్రా గుహలు రైల్వే స్టేషను: పేరు, దారి, కూడలి

నగరాలలో కూడలి ముందు ఏర్పడుతుంది, స్టేషను తరువాత వచ్చి కూడలి పేరునే స్వీకరిస్తుంది. 2017 నవంబరు 28న ప్రారంభమైన హైదరాబాదు మెట్రోలోని అమీర్‌పేట స్టేషను ఇందుకు తెలిసిన ఉదాహరణ. అనంతగిరి కొండలలోని బొర్రాలో ఈ క్రమం తిరగబడింది. అక్కడ ముందుగా ఉన్నవి గుహ, గిరిజన గ్రామం. ఆ తరువాత ఎక్కడో ఉన్న ఖనిజం కోసం రైలుమార్గం వచ్చింది. స్టేషనుకూ గుహకూ మధ్య దారి, ఆ దారి పొడవునా జీపులు, తినుబండారాల కొట్లు, బొంగు చికెన్ కాల్చి అమ్మేవారు, ఇలా నేడు కనిపించే కూడలి వీటన్నిటి తరువాతది. దీని చరిత్రను గుహల చరిత్రకు అనుబంధంగా చూడటం పరిపాటి అయింది. రైలు, భూమి, న్యాయస్థానం అనే మూడు అంశాల కలయికగా చూస్తేనే అది సరిగా అర్థమవుతుంది.

ముందుగా ఒక తేదీని సవరించవలసి ఉంది. 1807లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ ఈ గుహలను కనుగొన్నాడని పర్యాటక కరపత్రాలు మొదలుకొని పోటీ పరీక్షల పుస్తకాల వరకు పునరుక్తమవుతున్నది. ఆ సంస్థ ఏర్పడినదే 1851లో. అందులో పనిచేసి 1887 నుంచి 1894 వరకు దానికి అధిపతిగా ఉన్న విలియం కింగ్ 19వ శతాబ్దపు మూడవ దశకం తరువాత పుట్టినవాడు. నియాండర్తల్ మానవునికి శాస్త్రీయ నామం పెట్టిన ఆయన తండ్రి విలియం కింగ్ కూడా 1809లోనే జన్మించాడు. కనుక 1807 అనే సంవత్సరం నిలబడదు. అంతకన్నా ముఖ్యమైన ఆక్షేపణ ‘కనుగొన్నాడు’ అన్న క్రియ మీదనే. స్థానికులు చెప్పుకునే కథలో మేస్తున్న ఆవు ఒకటి గుహ పైకప్పులోని రంధ్రం గుండా లోపల పడుతుంది. దానిని వెదుకుతూ వెళ్ళిన పశువుల కాపరి లోపల లింగాకృతిలో ఉన్న శిలను చూస్తాడు. గుహ గుండా ప్రవహించి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసే గోస్తనీ నది పేరుకూ ఈ కథకూ ఉన్న బంధం స్పష్టమే. కథను చరిత్రగా తీసుకోనక్కరలేదు. అయితే, కనుగొన్న గౌరవం ఎవరికి చెందాలన్న ప్రశ్నకు ఈ కథే ఒక సమాధానం.

‘బొర్రా’ అంటే ఒడియాలో రంధ్రమని చెబుతారు. తెలుగులోని ‘బొరియ’ కూడా వెంటనే స్ఫురిస్తుంది. రెండు భాషల సరిహద్దున ఉన్న ఈ పేరును ఏదో ఒక భాషకే అప్పగించడం వృథా ప్రయాస. గమనించదగినది స్టేషను పేరు. ఈ మార్గంలోని బొడ్డవర, త్యాడ, చిమిడిపల్లి, కరకవలస వంటి స్టేషన్లు ఊరి పేర్లనే మోస్తున్నాయి. ఇక్కడ మాత్రం ఊరి పేరుకు ‘గుహలు’ చేరింది. పైగా ఆంగ్ల లిపిలో రాసినప్పుడు కూడా ఆ తెలుగు బహువచనం అనువాదం కాకుండా నిలిచింది.

రైలు మాత్రం గుహల కోసం రాలేదు. బస్తరులోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాను ఉక్కు కర్మాగారాలకు ఎగుమతి చేయాలని 1960లో ఒప్పందం కుదిరింది. దండకారణ్య–బొలాంగీర్–కిరిబురు పథకం కింద కొత్తవలస–కిరందుల్ మార్గాన్ని అదే దశకంలో నిర్మించారు. దాదాపు 450 కిలోమీటర్ల ఈ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. బొర్రా దాటిన తరువాత వచ్చే శిమిలిగుడ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉండి, చాలాకాలం దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరుపొందింది. బైలడిల్లాలో ఉత్పత్తి 1968లో మొదలైంది. ఖనిజాన్ని పెద్ద ఓడలకు ఎక్కించే విశాఖ బాహ్య నౌకాశ్రయం 1976లో సిద్ధమైంది. ఈ మార్గంపై ప్రయాణికుల బండి అనుబంధ సౌకర్యం మాత్రమే. 2017 ఏప్రిల్‌లో విశాఖపట్నం–అరకు బండికి అద్దాల బోగీ జతచేయడంతో కొండను చూడటమే ప్రయాణ ప్రయోజనంగా మారింది. ఖనిజం దిగే దారి సందర్శకులు ఎక్కే దారి కూడా అయింది.

బొర్రా పేరు దేశ న్యాయచరిత్రలోకి వెళ్ళినది మాత్రం మరొక ఖనిజం వలన. గుహలో పైకప్పు నుంచి వేలాడే, నేల నుంచి లేచే ఆకృతులు ప్రధానంగా కాల్సైటు. గుహ చుట్టుపక్కల గనుల యజమానులు కోరుకున్నదీ కాల్సైటే. బొర్రా రిజర్వు అటవీ ప్రాంతంలోని 14 గ్రామాల పరిధిలో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇవ్వడాన్ని సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. హైకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ధర్మాసనం 2–1 మెజారిటీతో భిన్నమైన తీర్పునిచ్చింది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు ఉండగా, జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించారు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించగా వచ్చిన, జనవ్యవహారంలో 1/70 చట్టంగా పిలిచే శాసనంలో ‘వ్యక్తి’ అన్న పదానికి అర్థమేమిటన్నదే వివాదానికి మూలం. ప్రభుత్వం కూడా ‘వ్యక్తి’యేనని మెజారిటీ నిర్ణయించింది. కనుక షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదు. ఒక్క పదం అర్థవివరణపై ఇన్ని గ్రామాల భూమి ఆధారపడటం భాషాధ్యయనపరులు సైతం ఆలోచించవలసిన విషయం. 2001 డిసెంబరులో బాల్కో కేసులో సుప్రీంకోర్టే ఈ మెజారిటీ అభిప్రాయం సరైనదేనా అని బలమైన సందేహం వ్యక్తం చేసింది. అయినా సమత తీర్పు రద్దు కాలేదు.

ఈ తీర్పు లేకపోతే కూడలి మరొకలా ఉండేది. గనుల లారీలకు బదులు అక్కడ సందర్శకుల వాహనాలు నిలుస్తున్నాయంటే కొంతవరకు కారణం ఇదే. అయితే పర్యాటకం కూడా భూమిని, దారిని, రాబడిని పంచుకునే వ్యవస్థే. జాతాపు, పోర్జ, కొండదొర, నూకదొర, వాల్మీకి తెగల వారు నివసించే ఈ ప్రాంతంలో గుహల రాబడిలో స్థానికుల వాటా ఎంత అన్న ప్రశ్నను గనుల ప్రశ్నంత తీవ్రంగానే అడగవలసి ఉంది. గుహ ద్వారం వద్ద టికెట్టు చించే చేతికీ, ఆ సొమ్మును లెక్కించే చోటికీ మధ్య దూరం ఎక్కువ.

పాలనాపరమైన దూరమూ మారుతున్నది. 2022 ఏప్రిల్ 4న అనంతగిరి మండలం విశాఖపట్నం జిల్లా నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. స్టేషను 2003 వరకు ఆగ్నేయ రైల్వేలో, తరువాత తూర్పు కోస్తా రైల్వేలో వాల్తేరు డివిజను కింద ఉన్నది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే ఏర్పాటులో భాగంగా వాల్తేరు డివిజనును విభజించడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. దాని ప్రకారం కొత్తవలస–బచేలి భాగం ఒడిశాలోని రాయగడ కేంద్రంగా ఏర్పడే డివిజనుకు, తూర్పు కోస్తా రైల్వే పరిధిలోకి వెళుతుంది. బొర్రా గుహలు స్టేషను ఆ భాగంలోనిదే. విశాఖ నుంచి ఉదయం బయలుదేరి వచ్చే ప్రయాణికులు దిగే చోటు ఆంధ్రప్రదేశ్‌లో, దాని నిర్వహణ రాయగడలో.