గుణదల మేరీమాత యాత్ర: మొక్కుల ఆచారాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ఇంద్రేశం, దాని చుట్టుపక్కల పారిశ్రామిక వాడల్లో నివసించేవారికి చారిత్రక క్రైస్తవాలయం అనగానే మెదక్ కెథడ్రల్ స్ఫురించడం సహజం. పాత మెదక్ జిల్లాకు ఆ కట్టడమే గుర్తు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పర్యవేక్షణలో 1914లో నిర్మాణం మొదలై, 1924 డిసెంబరు 25న దాని ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు, వేలమంది కూర్చోగల విశాలమైన ఆవరణ దాని ప్రసిద్ధికి కారణాలు. అయితే అది కథోలిక దేవాలయం కాదు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందిన ప్రొటెస్టంటు మందిరం. సామాన్య సందర్శకులకు ఈ భేదం పట్టకపోవచ్చు గాని, యాత్ర అనే ఆచారాన్ని అధ్యయనం చేసేవారు దీన్ని విస్మరించడానికి వీలులేదు. మొక్కు, పునీతుల మధ్యవర్తిత్వం, స్థలమహిమ అనే మూడు భావనలను ప్రొటెస్టంటు సిద్ధాంతం అంగీకరించదు. కథోలిక యాత్ర నిలిచేది ఆ మూడింటి మీదనే.

తెలుగునాట అటువంటి యాత్రాస్థలాల్లో అత్యంత ప్రసిద్ధమైనది విజయవాడలోని గుణదల. ఇంద్రేశానికి చేరువగా సాగే 65వ నంబరు జాతీయ రహదారే హైదరాబాదు, సూర్యాపేటల మీదుగా విజయవాడ చేరి, మచిలీపట్నం సముద్రతీరంలో ముగుస్తుంది. మెదక్ చూసిన కళ్లతో గుణదలకు వెళ్లే యాత్రికుడికి మొదట కొంత నిరాశ కలగవచ్చు. అక్కడి దేవాలయ ప్రతిష్ఠ జరిగింది 1971లో; వాస్తురీత్యా మెదక్‌తో పోల్చదగినది కాదు. మెదక్‌లో ముందు కట్టడం వెలిసింది, ఆ తర్వాత చూపరులు వచ్చారు. గుణదలలో ముందు విగ్రహం, పిదప యాత్రికులు, చిట్టచివరకు కట్టడం. కాబట్టి గుణదల చరిత్రను గోడలలో కాక, యాత్రికులు అక్కడ చేసే పనులలో వెదకవలసి ఉంటుంది. ఆ పనులలో రెండు, అనగా తలనీలాలు సమర్పించడం, కొబ్బరికాయ కొట్టడం, నేటికీ వివాదాస్పదాలే. హిందూ ఆచారాలను అనుకరించి జనాన్ని ఆకర్షించేందుకు మిషనరీలు పన్నిన ఉపాయమని ఒక వర్గం, క్రైస్తవంలో చొరబడిన విగ్రహారాధన అని మరొక వర్గం వాటిని ఆక్షేపిస్తూ వస్తున్నాయి. ఈ రెండు వాదనలను చారిత్రక కాలక్రమం ఎంతవరకు సమర్థిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లూర్దు నుంచి గుణదలకు

1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సు దేశపు లూర్దు పట్టణంలో, నది ఒడ్డున ఉన్న మసాబియెల్ గుహ వద్ద, బెర్నదెత్ సుబిరూ అనే 14 ఏళ్ల నిరుపేద బాలిక తనకు ఒక స్త్రీమూర్తి దర్శనమిచ్చిందని చెప్పింది. నాటినుంచి జులై 16 వరకు 18 పర్యాయాలు ఆ దర్శనం కలిగిందని ఆమె సాక్ష్యం. స్థానిక పీఠాధిపతి 1862లో దాన్ని ధ్రువీకరించాడు. రైలు మార్గం పడ్డాక లూర్దు యాత్ర ఐరోపా అంతటా వ్యాపించింది. ఫిబ్రవరి 11 పండుగను 1907లో పోప్ పదవ పియస్ ప్రపంచ కథోలిక సంఘమంతటికీ వర్తింపజేశాడు. ఆ కాలంలో విదేశాలకు వెళ్లిన మిషనరీలు కొండ రాయి, గుహ కనబడిన ప్రతిచోటా లూర్దు నమూనాను నెలకొల్పడం పరిపాటి అయింది.

తెలుగు ప్రాంతానికి ఆ నమూనా ఇటలీ గురువుల ద్వారా చేరింది. 1850లో మిలాన్ కేంద్రంగా ఏర్పడిన విదేశీ మిషన్ల సంస్థకు చెందిన గురువులు 1855 నుంచి హైదరాబాదు ప్రాంతంలో పనిచేశారు. 1886లో హైదరాబాదు మేత్రాసనంగా రూపొందినప్పుడు కృష్ణా తీరం కూడా దాని పరిధిలోనే ఉండేది. బెజవాడ ప్రత్యేక మేత్రాసనం కావడం 1937లో జరిగింది. దానికి పుష్కరకాలం ముందే, 1925 ప్రాంతంలో, గుణదలలోని సెయింట్ జోసెఫ్ సంస్థ అధిపతి అర్లాటి గురువు అక్కడి కొండపై మరియమాత విగ్రహాన్ని నిలిపాడు. మెదక్ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగిన కాలమే అది. అక్కడ వేలమందిని పట్టగల మహామందిరం, ఇక్కడ కొండరాతి నడుమ ఒక ప్రతిమ.

లూర్దు నుంచి వచ్చిన అంశాలు గుణదలలో ఏవో, రానివి ఏవో వేరుచేసి చూడడం అవసరం. గుహ, ప్రతిమ రూపం, కొవ్వొత్తులు, జపమాల, ప్రదక్షిణ వంటి ఊరేగింపు, ఫిబ్రవరి 11 తేదీ ఇవన్నీ లూర్దువే. తలనీలాలు లూర్దులో లేవు. కొబ్బరికాయ లేదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో లక్షలాదిగా తరలివచ్చే జనంతో ఏర్పడే తిరునాళ్ల స్వరూపం ఫ్రెంచి పట్టణానిది కాదు, కృష్ణా తీరానిది. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గను, ఈ కొండ మీద మరియమాతను ఒకే నోటితో 'అమ్మ' అని పిలిచే ఊరు విజయవాడ. అక్కడ కొండెక్కి తల్లికి మొక్కు తీర్చుకోవడమెలాగో ఎవరూ ఎవరికీ నేర్పవలసిన అవసరం లేదు.

1704 నాటి కొబ్బరికాయ

మిషనరీల ఉపాయం అనే వాదన నిలవాలంటే, రోమ్ గాని, దాని ప్రతినిధులు గాని ఈ ఆచారాలను ప్రోత్సహించినట్లు కనబడాలి. చరిత్రలో కనబడేది దాదాపు దానికి విరుద్ధం.

1606లో మదురై చేరిన రాబర్టో ద నోబిలి స్థానిక ఆచారాలలో మతసంబంధమైనవి, సామాజికమైనవి వేరుచేసి, రెండవ రకాన్ని క్రైస్తవులు పాటించవచ్చునని వాదించాడు. ఆ బాటలోనే 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెస్విట్ గురువులు కర్ణాటక మిషన్ పేరిట పుంగనూరు వంటి తెలుగు ప్రాంతాలలో పనిచేశారు. వారి మీద ఫిర్యాదులు రోమ్‌కు చేరాయి. పోప్ ప్రతినిధిగా వచ్చిన మయ్యార్ ద తూర్నోన్ 1703 చివర పుదుచ్చేరిలో దిగి, కొద్ది నెలలే ఉండి, 1704 జూన్ 23న ఒక ఆజ్ఞాపత్రం వెలువరించాడు. మదురై, మైసూరు, కర్ణాటక మిషన్లకు వర్తించిన ఆ పత్రంలో కొబ్బరికాయ ప్రస్తావన ఉండడం విశేషం. పెళ్లిలో కొబ్బరికాయ పగిలిన తీరును బట్టి శుభాశుభాలు ఎంచడం అన్యమత మూఢాచారమని, క్రైస్తవ వివాహంలో దాన్ని పూర్తిగా మానాలని, వాడదలచుకుంటే వేడుకకు వెలుపల, నలుగురి కంటబడకుండా, అటువంటి నమ్మకం లేనివారి చేత పగలగొట్టించాలని దాని తాత్పర్యం. ఆవుపేడ కాల్చిన విభూతిని నుదుట ధరించడాన్నీ ఆ పత్రం నిషేధించింది.

మలబారు ఆచారాల వివాదంగా పేరుపడిన ఈ తగాదాను 1744లో పోప్ పద్నాలుగవ బెనెడిక్టు శాసనం ముగించింది. నిషేధాలను పాటిస్తామని మిషనరీలు చేయవలసిన ప్రమాణం 1940 వరకు రద్దు కాలేదు. అంటే గుణదల కొండపై విగ్రహం నిలిచిన నాటికి సంఘపు అధికారిక వైఖరి స్థానికాచారాల విషయంలో అనుమానంతోనే ఉంది. 1704 నాటి నిషేధం పెళ్లి శకునానికి సంబంధించినదే తప్ప మొక్కుకు సంబంధించినది కాదన్న భేదం గుర్తుంచుకోవలసిందే. అయినా ఒకనాడు చాటుగా పగలగొట్టమన్న కాయ, తర్వాతి కాలంలో వేలాదిమంది ఎదుట కొండ మీద పగలడం చిన్న మార్పు కాదు.

రెండవ వాటికన్ మహాసభ (1962-65) తర్వాత భారత కథోలిక సంఘం స్థానికీకరణను అధికారికంగా చేపట్టింది. 1969 ఏప్రిల్‌లో రోమ్ అనుమతించిన 12 అంశాలలో చెప్పులు విడిచి నేలపై కూర్చోవడం, మోకరిల్లడానికి బదులు అంజలి, పంచాంగ ప్రణామం, కొవ్వొత్తికి బదులు నూనె దీపం, హారతి వంటివి ఉన్నాయి. గుణదల దేవాలయం ప్రతిష్ఠ జరిగింది ఆ తర్వాత రెండేళ్లకు. కాని ఆ 12 అంశాలలో తలనీలాలు లేవు, కొబ్బరికాయ లేదు. పండితులు, పీఠాధిపతులు కూర్చుని ఎంపిక చేసిన జాబితా వేరు. యాత్రికులు చేతబట్టుకుని వచ్చిన మొక్కు వేరు. మొదటిది దేవాలయం లోపలి ఆరాధనకు సంబంధించినది. రెండవది ఏ సంస్కారంలోనూ భాగం కాదు, దానికి గురువు అవసరమూ లేదు. ఈ కారణం చేత గుణదల ఆచారాలను 'స్థానికీకరణ' అనే సిద్ధాంత పరిభాషలో వివరించే అధ్యయనాలు కూడా కొంత తొందరపడుతున్నాయని చెప్పక తప్పదు.

కొండ ఎక్కినవారు

మొక్కు తెచ్చినవారు ఎవరన్న ప్రశ్న దీనితో ముడిపడి ఉంది. తెలుగు కథోలికులలో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1925 నాటికి మద్రాసు రాష్ట్రంలో వారికి ఆలయ ప్రవేశం లేదు. ధర్మకర్తల సమ్మతితో ఆలయాలు తెరవడానికి వీలు కల్పించిన చట్టం 1939లో, దాన్ని హక్కుగా గుర్తించిన చట్టం 1947లో వచ్చాయి. ఇరుగుపొరుగు వారు తలనీలాలిచ్చి, కాయ కొట్టి మొక్కు తీర్చుకోవడం చూస్తూ, తాము మాత్రం గుడి బయట నిలబడిన తరాలకు, అడ్డుచెప్పేవారు లేకుండా ప్రతిమ పాదాల దాకా ఎక్కగల కొండ ఒకటి దొరికింది. వారు ఆ మొక్కును తీసుకువెళ్లడాన్ని అనుకరణ అనడం కంటే, తమకు నిరాకరించినదాన్ని తాము తీసుకోవడం అనడమే సమంజసం. ఇది ప్రత్యక్ష పత్రాధారం మీద కాక సామాజిక సందర్భం మీద ఆధారపడిన నిర్ధారణ అయినప్పటికీ, ఉపాయ సిద్ధాంతం కంటే కాలక్రమానికి ఎక్కువగా ఒదుగుతుంది.

సంఘం లోపల కులం లేదని దీని అర్థం కాదు. సంఘంలో కులవివక్ష ఉన్నదని భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 నాటి దళిత విధాన పత్రంలో స్వయంగా అంగీకరించింది. ఇంద్రేశం ప్రాంతం ఏ అగ్రపీఠం పరిధిలోకి వస్తుందో, ఆ హైదరాబాదుకు చెందిన అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022లో కార్డినల్ కావడం, తొలి దళిత కార్డినల్‌గా, తొలి తెలుగు కార్డినల్‌గా వార్తలకెక్కడం ఈ చరిత్రలో చాలా ఆలస్యంగా చేరిన పుట.

యాత్రికులలో హిందువులూ గణనీయంగా ఉంటారు. ఇక్కడ సందర్శకుడు పాటించవలసిన ఒక మర్యాదకు చట్టపరమైన కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు వర్తించలేదు. కాబట్టి గుండు చేయించుకుని మెట్లు దిగుతున్న వ్యక్తిని 'మీరు క్రైస్తవులా?' అని అడగడం పైకి కనిపించినంత అమాయకమైన ప్రశ్న కాదు. దాని జవాబు మీద ఒక కుటుంబపు విద్య, ఉద్యోగావకాశాలు ఆధారపడి ఉండవచ్చు. క్షేత్ర పరిశోధన చేసే విద్యార్థులు ప్రశ్నావళిలో ఈ అంశాన్ని మొదటి గడిలో ఉంచే అలవాటును పునరాలోచించుకోవాలి. మొక్కు తీరుస్తున్నవారి ముఖాలను ఫోటో తీసేముందు అనుమతి కోరవలసిన కారణమూ ఇదే.

మాటల సాక్ష్యం

గుణదలలో సందర్శకుడిని తడబడేలా చేసేది దృశ్యం కంటే ముందు భాష. ప్రొటెస్టంటులు ఆరాధన, మందిరం, పాస్టరు అంటారు. కథోలికులు పూజ, దేవాలయం, గురువు అంటారు. రోజరీ జపమాల, నొవేనా నవదిన ప్రార్థన, లెంట్ తపస్సుకాలం. మిషనరీలు, వారికి తోడ్పడిన స్థానిక పండితులు సంస్కృత పదజాలాన్ని ఆశ్రయించిన దీర్ఘ సంప్రదాయం ఈ మాటల వెనుక ఉంది. 18వ శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను 'వేదాంత రసాయనము' పేరుతో కావ్యంగా రచించడం ఆ వాతావరణానికి సాహిత్య నిదర్శనం.

పరిచితమైన మాట కొన్నిసార్లు పొరపాటుకు దారితీస్తుంది. పూజ చివరి భాగంలో గురువు పంచే అప్పాన్ని 'దివ్యసత్ప్రసాదం' అంటారు. ప్రసాదం అన్న మాట విని, గుడిలో అలవాటుపడిన సందర్శకుడు భక్తితో వరుసలో నిలబడడం కద్దు. కథోలిక విశ్వాసంలో అది క్రీస్తు శరీరమే. జ్ఞానస్నానం పొంది, తగిన సిద్ధపాటుతో వచ్చిన కథోలికులకే దాన్ని ఇస్తారు. ఇతరులు తమ స్థానంలో మౌనంగా కూర్చోవడం ఎవరికీ అవమానం కాదు. కొండపై కొవ్వొత్తి వెలిగించడానికి, కొబ్బరికాయ కొట్టడానికి, గుహ ముందు నిలబడడానికి మాత్రం ఎవరినీ ఏ అర్హతా అడగరు. ఈ రెండు ప్రదేశాల మధ్య గీత ఎక్కడ ఉందో తెలుసుకుంటే గుణదల చరిత్రలో సగం బోధపడుతుంది. లోపల సంఘం నియమం, బయట యాత్రికుడి మొక్కు.

చాలా ఏళ్లలో ఫిబ్రవరి ఉత్సవం ముగిశాక, ఏడాదిని బట్టి కొద్ది రోజులకో వారాలకో తపస్సుకాలం మొదలవుతుంది. ఆ తొలిరోజున గురువు విశ్వాసుల నుదుట బూడిదతో సిలువ గుర్తు వేస్తాడు. ఆ దినానికి తెలుగు కథోలికులు వాడే పేరు విభూది బుధవారం. 1704 ఆజ్ఞాపత్రం నుదుటినుంచి తుడిచివేయమన్న మాటనే వారు పంచాంగంలో నిలుపుకున్నారు.