పబ్లిష్ నొక్కే ముందు

2017 మే నెల. అనంతపురం. మధ్యాహ్నం మూడున్నర. ఒక స్వచ్ఛంద సంస్థ మీటింగ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్నారు మీరు. ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం వడగాలే. ఎదురుగా లాప్‌టాప్. చుట్టూ మీలాంటివాళ్లే: భూమి హక్కుల కోసం తిరిగేవాళ్లు, వాటర్‌షెడ్ పనులు చూసేవాళ్లు, బడి మానేసిన పిల్లల్ని వెనక్కి తెచ్చేవాళ్లు. అందరి దగ్గరా ఏళ్ల తరబడి పోగేసిన సమాచారం ఉంది. బీరువాల్లో ఉంది, ఢిల్లీకి పంపిన ఇంగ్లిషు నివేదికల్లో ఉంది. ఎవరి గురించి రాశారో ఆ ఊరివాళ్ల దగ్గరే లేదు.

దాన్ని వెబ్‌సైట్లో పెట్టడం ఈ రోజు నేర్చుకుంటున్నారు.

మీరు తెచ్చింది ఉపాధి హామీ కూలి డబ్బుల సర్వే. ఈ పథకం మొదలైంది ఈ జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. మస్టర్ (కూలీల హాజరు పట్టిక) ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. దాటితే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం కట్టివ్వాలి. ఎవరికి ఎన్ని రోజులు ఆలస్యమైందో మీ బృందం ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చింది. రేపు పొద్దున అధికారులతో సమావేశం. ఆలోపు ఇది వెబ్‌లో ఉండాలి.

నివేదిక కాపీ చేసి పేజీలో అతికిస్తారు. గుండె జారిపోతుంది. ఒక్క తెలుగు అక్షరం లేదు. తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, అర్థంలేని చుక్కలు.

“అను ఫాంట్లో కొట్టారు కదా?” అంటాడు శిక్షణ ఇచ్చే కుర్రాడు, వెనక నిలబడి.

అవును. మీ ఆఫీసులో ఎప్పుడూ అదే. ఆ ఫాంటు లోపల దాచేది ఇంగ్లిషు అక్షరాల సంకేతాలనే, పైకి మాత్రం తెలుగులా చూపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో ముసుగు జారిపోతుంది. ఒక్కో లిపికి విడిగా సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత స్థానం ఉంది. అందులో ఉంటేనే గూగుల్ మీ నివేదికను చదవగలదు, వెతికినవాడికి చూపించగలదు. పోనీ కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టేద్దామా? అది ఉత్త బొమ్మ. అందులో ఊరి పేరు వెతికినా దొరకదు, చూపులేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అందదు.

నివేదికను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తారు. ఒత్తులు కొన్ని తప్పుతాయి. ఒక్కొక్కటే దిద్దుతారు. విసుగే, కానీ దిద్దాలి. కిందటి సెప్టెంబరులో జియో వచ్చాక ఊళ్లో అరుగు మీద కూర్చున్న కుర్రాళ్ల చేతిలోనూ ఇంటర్నెట్ ఉంది. వాళ్లమ్మ కూలి లెక్క వాళ్లు చూసుకోగలగాలి. ఈ శిక్షణంతా అందుకే.

నాలుగున్నర. ఇక కూలీల ఎక్సెల్ జాబితా ఒక్కటే మిగిలింది. అప్‌లోడ్ చేస్తారు. పేజీకి లింకు ఇస్తారు.

కరెంటు పోతుంది.

ఫ్యాను ఆగుతుంది. యూపీఎస్ కూత పెడుతుంది. లాప్‌టాప్ బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. ఇంటర్నెట్ మీ ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుస్తోంది. అదే ఫోన్ మోగుతుంది. మీ డైరెక్టరు.

“ఏమప్పా, పెట్టినారా?”

“ఒక్క నిమిషం సార్.”

తెర కుడివైపు నీలం రంగు బటన్. పబ్లిష్. మౌస్ బాణం దాని మీదే ఉంది. చివరిసారిగా జాబితా వైపు చూస్తారు. పేరు, పనిదినాలు, కూలి, ఆలస్యం. బాగానే ఉంది.

పైన అక్షరాలు చూడండి.

ఎ. బి. సి. జి.

సి తర్వాత జి.

డి ఏది? ఈ, ఎఫ్ ఏవి?

వేలు ఆగుతుంది. సి, జిల మధ్య గీత మీద రైట్ క్లిక్ చేస్తారు. అన్‌హైడ్. మూడు నిలువు వరుసలు బయటికొస్తాయి. ఆధార్ నంబరు. బ్యాంకు ఖాతా. ఫోన్ నంబరు. ప్రతి కూలీదీ.

దాచారు. తీసెయ్యలేదు.

అలాగే నొక్కి తర్వాత మార్చొచ్చా? మార్చొచ్చు. కానీ ఆలోపు ఎవరైనా దించుకుంటే? గూగుల్ ఒక కాపీ తీసిపెట్టుకుంటే? మీరు చెరిపేది మీ కాపీనే.

ఇది ఉత్త భయం కాదు. ఈ నెల 1వ తేదీన బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక బయటపెట్టింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతాల నంబర్లు బహిరంగమయ్యాయని అందులో అంచనా. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులు. తాళం పగలగొట్టి ఎవరూ దొంగిలించలేదు. పెట్టినవాళ్లే పెట్టారు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రకటించకూడదని 2016 ఆధార్ చట్టం చెబుతూనే ఉంది.

మరి అన్నీ తీసేస్తే ఊరివాళ్లకు మిగిలేదేమిటి? మీ చేతిలో ఉన్న అసలు నిర్ణయం ఇదే. పేరు, పనిదినాలు, కూలి సామాజిక తనిఖీలో గ్రామసభ ముందు బిగ్గరగా చదివేవి. మస్టర్ రోల్ అందరూ చూడదగ్గ కాగితం. అవి ఉండాలి. ఆధార్, ఖాతా, ఫోన్ ఎవరూ గ్రామసభలో చదవరు. అవి పోవాలి. డిలీట్ కొట్టి కొత్త పేరుతో సేవ్ చేస్తారు. పాత ఫైలును వెబ్‌సైట్ మీడియా ఫోల్డర్లోంచి కూడా తీసేస్తారు. పేజీలోంచి లింకు తీసినంత మాత్రాన ఫైలు పోదు.

పక్క కుర్చీలో అక్క తన లాప్‌టాప్ మీ వైపు తిప్పుతుంది. “ఫోటో బాగుంది కదా?”

పెళ్లి ఆపించి మళ్లీ బడికి పంపిన పిల్ల. నవ్వుతోంది. వెనక బడి బోర్డు, ఊరి పేరుతో సహా.

అక్క మురిపెం చూస్తే నోరు రాదు. చెప్పాలి.

“వద్దక్కా. ముఖం, బోర్డు రెండూ కనిపిస్తున్నాయి.”

జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ అలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి, ఫోటో దేన్నీ ప్రచురించనివ్వదు. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచండి. పెళ్లి ఆగిందని కక్ష కట్టినవాళ్లకు ఆ బోర్డు దారి చూపిస్తుంది. అక్క ఒక్క క్షణం ఆలోచించి ఫోటో తీసేస్తుంది. రాసిన నాలుగు మాటలూ ఉంచుతుంది, పేరూ ఊరూ లేకుండా.

బ్యాటరీ అయిపోవస్తోంది. మీరు నొక్కుతారు. పేజీ తెరుచుకుంటుంది, తెలుగులో.

నా మట్టుకు నాకు ఇలాంటి శిక్షణల మీద ఒకటే ఫిర్యాదు. బటన్లు నేర్పడానికి ఒక పూట చాలు, రెండు రోజులూ దానికే పోతాయి. ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్నది చివరి పది నిమిషాల్లో, టీ కప్పులు సర్దే వేళకు వస్తుంది. దాన్ని మొదటి రోజు పొద్దుటికి తెండి. మీ సంస్థకు వెబ్‌సైట్ ఉంటే పాత ఎక్సెల్ ఫైళ్లను ఈ వారమే తెరిచి చూడండి. సి తర్వాత డి ఉందో లేదో చూడండి.