ఊగే ఓడ మీద ఆట ఆడేదెట్ల?

ముందుగాల ఒక చిన్న పని చెయ్యండి. మీ ఫోన్‌ల లూడో తెరిచి, ఫోన్‌ను అటు ఇటు ఊపండి. కాయలు కదిలినయా? కదలవు. ఈ ఒక్క సౌకర్యం కోసం ఓడల మీద పోయేటోళ్లు వందల ఏండ్లు తిప్పలు పడ్డరు.

ఓడ ఊగుతది. బల్ల మీద పెట్టిన పావు నిలవదు. చదరంగానికి యూరప్‌ వాళ్లు ఒక ఉపాయం చేసిన్రు. ప్రతి గడిలో సన్నటి రంధ్రం, ప్రతి పావు కింద చిన్న మేకు. గుచ్చితే ఇగ ఎటూ పోదు. బ్రిటిష్ నేవీలో అకర్స్ అని ఇంకో ఆట ఉంది, లూడోకు దగ్గరి చుట్టం. ఆ లూడోకు మూలం మన పచ్చీసు.

నాకైతే వామనగుంటలే ఎక్కువ నచ్చుతది. వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, పిడికెడు చింతగింజలు. ఒక గుంటలో గింజలు తీసి, ఒక్కొక్కటి పంచుకుంట పోవుడే. గుంటలో పడ్డ గింజ పలక కొంచెం ఊగినా అక్కడ్నే ఉంటది. మేకు లేదు, రంధ్రం లేదు. ఇదే కుటుంబం ఆటలు ఎక్కడెక్కడ ఉన్నయో చూడండి: శ్రీలంకలో ఒలింద కెలియ, మలేషియాలో చొంకాక్, ఫిలిప్పీన్స్‌లో సుంకా, తూర్పు ఆఫ్రికాలో బావో. ఓడలు తిరిగిన తీరాలే అన్నీ. చొంకాక్, సుంకా పలకలైతే పడవ ఆకారంలోనే చెక్కుతరు!

అట్లని "ఇది ఓడల కోసమే మనోళ్లు కనిపెట్టిన్రు" అని ఎవరన్నా వాట్సాప్‌ల పెడితే నేను ఒప్పుకోను. నేల మీద గుంటలు తవ్వుకొని ఆడిన ఆట ఇది. సముద్రానికి కూడా పనికొచ్చింది, అంతే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లకు సముద్రం ముచ్చట ఎందుకు అంటరా? భూపాలపల్లి దగ్గర గణపురం కోటగుళ్లు కట్టిన కాకతీయులకు మోటుపల్లి రేవు ఉండె. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు అది మాదే అని గుంజుకునేటోళ్లు. బతికి బయటపడ్డ వ్యాపారికి చేతుల చిల్లిగవ్వ మిగలకపోయేది. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించిండు: సుంకం తప్ప ఇంకేం ముట్టుకోం అని. ఊగే ఓడ మీద పోయేది కాయలు మాత్రమే కాదు, మనిషి బతుకంతా.

మీ నాయనమ్మ వామనగుంటల పలక అటక మీద ఉంటే దించండి, పాత కట్టెల్ల వెయ్యకండి.

ఇంకొక్కటి. మహబూబాబాద్‌లో అరుగు మీద అష్టాచెమ్మా ఆడేటప్పుడు వేసే గవ్వ ఎక్కడిది? సముద్రపు నత్త గుల్ల అది. మాల్దీవుల నుంచి అవి శతాబ్దాల పాటు ఓడల్లో మన దేశానికి వచ్చినయి, బెంగాల్‌లో పైసల లెక్క చెల్లినయి.