లాటిన్ కొలబద్దతో ఇంగ్లీషు వ్యాకరణం

ఇంగ్లండులో 16వ శతాబ్ది చివరి దాకా ‘గ్రామర్’ అన్న మాటకు లోకవ్యవహారంలో ఉన్న అర్థం లాటిన్ వ్యాకరణమే. గ్రామర్ స్కూలు అంటే లాటిన్ నేర్పే బడి; పుట్టుకతో వచ్చే ఇంగ్లీషుకు వేరే వ్యాకరణమెందుకన్నది ఆనాటి పండితుల్లో పలువురి అభిప్రాయం. అందుచేత కర్త, కర్మ, విశేషణం, క్రియ వంటి భావనలు ఆంగ్ల బాలుడికి మొదట పరిచయమైనది పరభాషాధ్యయనం కోసమే. నేడు అమెరికాలో పిల్లలను బడికి పంపకుండా ఇంటివద్దనే చదివించుకొనే కుటుంబాల్లో ఒక వర్గం లాటిన్‌ను, ఇంగ్లీషు వ్యాకరణాన్ని జోడించి నేర్పుతున్నది. ఇది కొత్త ప్రయోగంలా తోచవచ్చు గాని, ఒకప్పుడు కలిసి ఉండి తరువాత విడిపోయిన రెండు చదువులను తిరిగి కలిపే ప్రయత్నం మాత్రమే. అవి ఎందుకు విడిపోయాయో తెలిస్తేనే ఈ కలపడం వల్ల ఏమి దక్కుతుందో, ఏమి దక్కదో తేలుతుంది.

ఈ చరిత్రకు మూలగ్రంథం విలియం లిలీ పేరిట ప్రసిద్ధమైన లాటిన్ వ్యాకరణం. 1522లో మరణించిన లిలీ లండన్‌లోని సెయింట్ పాల్స్ బడికి తొలి ప్రధానాచార్యుడు. ఆయనా, ఆయన సమకాలికులూ రాసిన పాఠాలను కూర్చి తయారుచేసిన పుస్తకాన్ని 1540 దశకం ఆరంభంలో ఎనిమిదో హెన్రీ రాజు దేశమంతటికీ ఏకైక వ్యాకరణంగా శాసించాడు. షేక్‌స్పియర్ ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాటకంలో ఒక పిల్లవాడి చేత పాఠం అప్పచెప్పించి నవ్వులు పండించిన ఘట్టానికి ఆధారం ఈ పుస్తకమే. ఇందులో మొదటి భాగం ఇంగ్లీషులోనూ, రెండోది లాటిన్‌లోనూ ఉంటుంది. లాటిన్ నామవాచకానికి ఆరు విభక్తులు. వాటిని గుర్తుపట్టడానికి లిలీ పుస్తకం ఇంగ్లీషు గుర్తులిస్తుంది. ‘ఆఫ్’ ఉంటే షష్ఠివంటి విభక్తి, ‘టు’ ఉంటే చతుర్థివంటిది, ‘ఇన్, విత్, ఫ్రమ్, బై, దాన్’ వంటివి కనబడితే మన తృతీయా పంచమీ సప్తముల పనులన్నీ ఒక్కటే మోసే ‘అబ్లేటివ్’ అని లెక్క. ‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అంటూ వల్లెవేసిన తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటు చిరపరిచితంగా తోస్తుంది. ఇంగ్లీషు ‘దాన్’ లాటిన్ అబ్లేటివ్‌లో చేరినట్టే మన ‘కంటె’ పంచమిలో చేరడం గమనించదగ్గది. విభక్తులు లేని భాషకు విభక్తుల పేర్లు అంటుకున్నది ఇక్కడే, అదీ ఇంగ్లీషును వర్ణించాలన్న ఉద్దేశం ఏమాత్రం లేకుండానే.

లిలీ పుస్తకం బడి కోసం పుట్టగా, దాన్ని దాటి ఆలోచించిన రోజర్ ఆష్కమ్ దృష్టి ఇంటి చదువు మీద నిలిచింది. 1548 నుంచి 1550 దాకా రాకుమారి ఎలిజబెత్‌కు గురువుగా ఉన్న ఆయన రాసిన ‘ది స్కోల్ మాస్టర్’ ఆయన మరణించిన రెండేళ్లకు, 1570లో, భార్య మార్గరెట్ పూనికతో అచ్చయింది. పెద్దమనుషుల ఇళ్లలో పిల్లల చదువు కోసం ప్రత్యేకించి రాసినదని పుస్తకం ముఖపత్రమే చెబుతుంది. 1563లో విండ్సర్ కోటలో సర్ విలియం సెసిల్ గదిలో భోజనవేళ, ఈటన్ బడిలో దెబ్బలకు జడిసి కొందరు పిల్లలు పారిపోయారన్న వార్త మీద సాగిన చర్చ ఈ రచనకు ప్రేరణ.

ఆష్కమ్ బోధించిన పద్ధతికి ద్వంద్వానువాదమని పేరు. విద్యార్థి రోమన్ వక్త సిసెరో లేఖ ఒకదాన్ని గురువు వివరించగా అర్థం చేసుకొని, ఒక పుస్తకంలో ఇంగ్లీషులోకి మార్చాలి. కనీసం ఒక గంట విరామం తరువాత, మూలం చూడకుండా, తన ఇంగ్లీషు నుంచే తిరిగి లాటిన్‌లోకి రెండో పుస్తకంలో మార్చాలి. అప్పుడు గురువు సిసెరో వాక్యాన్నీ శిష్యుడి వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలిశాయో ఎక్కడ తప్పుకున్నాయో కోపం లేకుండా చూపించాలి. ఇందులోని సూక్ష్మం ఏమిటంటే, తిరుగు ప్రయాణంలో లాటిన్ సరిగా రావాలంటే వెళ్లేటప్పుడు రాసుకున్న ఇంగ్లీషు నిర్దుష్టంగా ఉండక తప్పదు. ఎవరు ఎవరిని చూశారో, ఏ విశేషణం దేనికి చెందుతుందో ఇంగ్లీషు వాక్యంలో అస్పష్టంగా వదిలేసినవాడు గంట తరువాత తన చేతిరాతకే అర్థం చెప్పుకోలేడు. పేరుకు లాటిన్ అభ్యాసమైనా, దీనివల్ల పదునెక్కేది రెండు భాషలూను. లాటిన్‌తో ఇంగ్లీషును జోడించడం గురించి నాలుగున్నర శతాబ్దాలుగా వచ్చిన ఉపాయాల్లో దీనికి మించినది లేదనే చెప్పాలి.

1693లో వెలువడిన ‘సమ్ థాట్స్ కన్సర్నింగ్ ఎడ్యుకేషన్’లో తత్త్వవేత్త జాన్ లాక్ మరింత సాహసించాడు. వ్యాకరణ సూత్రాలతో పిల్లవాణ్ణి హింసించకుండా, తల్లే రోజుకు రెండు మూడు గంటలు దగ్గర కూర్చోబెట్టుకొని లాటిన్ సువార్తలు చదివిస్తూ పోతే, తనకు ముందుగా ఆ భాష రాకపోయినా నేర్పగలదని ఆయన వాదం. లాటిన్ పంక్తి కింద ఇంగ్లీషు పంక్తి అచ్చువేసి చదివించే మార్గాన్నీ సూచించాడు. ఆ తీరున ఈసపు కథల పుస్తకం 1703లో రానే వచ్చింది. జీవితమంతా ఇంగ్లీషులోనే మాట్లాడి రాయవలసిన యువకుడికి ఆ భాష గురించి ఎవరూ ఒక్క పాఠమూ చెప్పకపోవడం లాక్‌కు వింతగా తోచింది. విడిపోవడానికి తొలి బీజం ఈ ఫిర్యాదులో ఉన్నది.

నిజానికి అంతకు నలభై ఏళ్ల ముందే, 1653లో, ఆక్స్‌ఫర్డ్ గణితాచార్యుడు జాన్ వాలిస్ ఇంగ్లీషు వ్యాకరణం రాస్తూ, పూర్వులు తమ భాషను లాటిన్ చట్రంలో బలవంతాన ఇరికించారనీ, లేని విభక్తులు, లింగాలు, కాలరూపాలు అంటగట్టారనీ ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణను ఆయన లాటిన్‌లోనే రాయవలసివచ్చింది; విదేశీయులకు ఇంగ్లీషు నేర్పడానికి లాటిన్ తప్ప ఉమ్మడి భాష లేదు. తెలుగు వ్యాకరణాల్లో ఆద్యమని సంప్రదాయం చెప్పే, కర్తృత్వంపై వివాదమున్న ‘ఆంధ్రశబ్దచింతామణి’ సంస్కృత సూత్రాలలో ఉన్న సంగతి ఇక్కడ స్ఫురించక మానదు. ఇందుకు విరుద్ధంగా కవి డ్రైడెన్ 1679లో, ఒక ఇంగ్లీషు ప్రయోగం సరైనదో కాదో సందేహం వచ్చినప్పుడు దాన్ని లాటిన్‌లోకి మార్చి చూసుకుంటానని ఒప్పుకున్నాడు. వాక్యం చివర విభక్త్యర్థకాన్ని, అంటే ‘ఆఫ్, విత్’ వంటి మాటను, వదలకూడదని 1672లో పూర్వ నాటకకర్త బెన్ జాన్సన్‌ను తప్పుపట్టినవాడూ ఈయనే.

రెండు చదువులకూ మధ్య గీత స్పష్టంగా గీసింది రాబర్ట్ లౌత్. ఆక్స్‌ఫర్డ్‌లో హీబ్రూ కవిత్వంపై లాటిన్‌లో ఉపన్యసించిన ఈ పండితుడు తన కొడుకు చదువు కోసం మొదలుపెట్టిన రాతపని 1762లో ‘ఎ షార్ట్ ఇంట్రడక్షన్ టు ఇంగ్లీష్ గ్రామర్’ అయింది. వ్యాకరణమన్న శాస్త్రాన్నీ, తెలియని భాషనూ ఒకేసారి పిల్లవాడి నెత్తిన పెట్టడం రెండు కష్టాలను జతచేయడమేననీ, తెలిసిన భాషలో ముందు వ్యాకరణం పట్టుబడితే లాటిన్ సులువవుతుందనీ ఆయన తర్కం. లాటిన్ నియమాలను ఇంగ్లీషుపై రుద్దిన నిరంకుశుడిగా లౌత్‌కు తరువాతికాలంలో చెడ్డపేరు వచ్చింది గాని, అది పూర్తిగా న్యాయం కాదు. నామవాచకాలకు రెండే విభక్తులని గుర్తించినవాడాయన, వాక్యాంతంలో ‘టు’ వంటి మాట రావడం ఈ భాష స్వభావమని చెబుతూ అదే ప్రయోగాన్ని తన వాక్యంలో వాడినవాడూ ఆయనే.

లౌత్ ఉద్దేశం ఇంగ్లీషును లాటిన్‌కు మెట్టుగా చేయడం, జరిగింది మరొకటి. లాటిన్ అందని ఆడపిల్లలు, వర్తకుల పిల్లలు ఆ మెట్టు మీదనే ఆగిపోయి, దాన్నే గమ్యం చేసుకున్నారు. న్యూకాసిల్‌కు చెందిన యాన్ ఫిషర్ 18వ శతాబ్ది మధ్యలోనే తప్పుడు వాక్యాలిచ్చి దిద్దించే పద్ధతితో వ్యాకరణం రాయగా, ఎలిన్ డేవిస్ 1775లో బాలికల కోసమే ‘ది యాక్సిడెన్స్’ వెలువరించింది. లిండ్లీ మరే అనే అమెరికన్ యార్క్ నగరపు శివార్లలో స్థిరపడి, అక్కడి క్వేకర్ బాలికల బడి ఉపాధ్యాయినుల కోరిక మీద 1795లో రాసిన ‘ఇంగ్లీష్ గ్రామర్’ అట్లాంటిక్‌కు రెండువైపులా లక్షల ప్రతులు అమ్ముడైంది. లాటిన్ చదవనివారి కోసం రాసిన పుస్తకాల్లోనూ లాటిన్ నుంచి వచ్చిన నామినేటివ్, ఇన్ఫినిటివ్, సబ్జంక్టివ్ వంటి పరిభాష మిగిలిపోవడం, ఆధారం తెలియని పేర్లను పిల్లలు కంఠస్థం చేయవలసిరావడం ఈ విభజనకు చెల్లించిన మూల్యం. రెన్ అండ్ మార్టిన్ పుస్తకం ద్వారా ఆంధ్ర, తెలంగాణ బడులకు చేరినది ఈ పరంపరే.

20వ శతాబ్దంలో లాటిన్‌కు మరో దెబ్బ తగిలింది. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1924లో ప్రకటించిన పరిశోధనలో, లాటిన్ చదివినందువల్ల మొత్తంమీద మేధకు ప్రత్యేకమైన పదును వస్తుందన్న నమ్మకానికి ఆధారం దొరకలేదు. 1960 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలు ప్రవేశానికి లాటిన్ తప్పనిసరి అన్న నియమాన్ని ఎత్తివేశాయి. ఈ తిరోగమనం మధ్య, 1947లో డిటెక్టివ్ నవలా రచయిత్రి డొరొతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో ‘ది లాస్ట్ టూల్స్ ఆఫ్ లెర్నింగ్’ అనే ప్రసంగం చేసింది. మధ్యయుగపు ‘ట్రివియం’, అంటే వ్యాకరణ తర్క వక్తృత్వాలనే మూడు మెట్ల చదువు, తిరిగి రావాలనీ, దాని పునాది లాటిన్ వ్యాకరణమే కావాలనీ, కొద్దిపాటి లాటిన్ వచ్చినా మిగతా విషయాల శ్రమ సగానికి తగ్గుతుందనీ ఆమె వాదించింది. ఆ సగం ఏ లెక్కకు వచ్చిందో ఆమె చెప్పలేదు. మతాచార్యుడైన తండ్రి దగ్గర ఏడేళ్లు నిండకముందే ఇంట్లో లాటిన్ మొదలుపెట్టిన మనిషి గనుక, ఈ వాదన వెనుక ఉన్నది గణాంకం కాక స్వానుభవమని ఊహించవచ్చు.

ఇంగ్లండులో పెద్దగా పట్టించుకోని ఆ ప్రసంగాన్ని అమెరికన్లు పట్టుకున్నారు. 1991లో మతబోధకుడు డగ్లస్ విల్సన్ దాని మీద ఒక పుస్తకమే రాయగా, 1993 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టసమ్మతం కావడంతో పాఠ్యపుస్తకాల గిరాకీ పెరిగింది. 1970 దశకంలో తన పిల్లలను ఇంట్లోనే చదివించిన జెస్సీ వైజ్, ఆమె కుమార్తె సూసన్ వైజ్ బౌవర్ కలిసి రాసిన ‘ది వెల్ ట్రెయిన్డ్ మైండ్’ 1999లో వెలువడి ఈ కుటుంబాలకు ప్రధాన మార్గదర్శి అయింది. ఇంగ్లీషు వాక్యాన్ని గీతల మీద కర్త, క్రియ, కర్మలుగా విడదీసి చూపే పద్ధతిని, 1877లో రీడ్, కెలాగ్ అనే ఇద్దరు ఉపాధ్యాయులు ప్రచారంలోకి తెచ్చినదాన్ని, వీరు తిరిగి వాడుకలోకి తెచ్చుకున్నారు. దాని పక్కనే లాటిన్ పాఠం సాగుతుంది.

జోడింపు పనిచేసే తీరు ఒక్క వాక్యంలో చూడవచ్చు. ‘పుయెల్లా అగ్రికొలమ్ విదెత్’ అంటే బాలిక రైతును చూస్తున్నది అని; పదాల వరుస మార్చినా అర్థం మారదు, ఎందుకంటే ‘మ్’ అనే చివరి అక్షరం రైతును కర్మగా కట్టేస్తుంది. ఇంగ్లీషులో వరుస మారిస్తే చూసేవాడు రైతవుతాడు. కర్మ అన్న భావన ఇంగ్లీషు పిల్లవాడికి స్థానంగా తప్ప రూపంగా దాదాపు కనబడదు. ‘హి’ అన్నది ‘హిమ్’గా మారడం వంటి సర్వనామ రూపాల్లోనే దాని ఆనవాలు మిగిలింది. ‘ను’, ‘కు’ నిత్యం పలికే తెలుగు పిల్లవాడికి ఈ పాఠం కోసం లాటిన్ దాకా పోనక్కరలేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు ఇంట్లో ఉన్న ఈ సదుపాయాన్ని వాడుకోకపోవడం చిత్రమే.

అయితే ఏది ముందన్న ప్రశ్న మీద ఇంటి బోధకుల్లో నేటికీ రెండు పక్షాలున్నాయి. ఇంగ్లీషు వ్యాకరణాన్ని మొదటి తరగతి నుంచే చెప్పి, లాటిన్‌ను మూడు నాలుగు తరగతుల్లో ప్రారంభించడం లౌత్ తర్కానికి దగ్గర. లాటిన్ మొదలుపెడితే ఇంగ్లీషు వ్యాకరణం దానంతటదే పట్టుబడుతుందన్నది సేయర్స్‌కు దగ్గర. రెండో పక్షం మీద అనుమానానికి తావున్నది. 2003లో పరిశోధకులు లుడ్విగ్ హాగ్, ఎల్స్‌బెత్ స్టెర్న్ జర్మనీలో జరిపిన అధ్యయనంలో, స్పానిష్ నేర్చుకోవడంలో ముందు లాటిన్ చదివినవారికంటె ఫ్రెంచి చదివినవారే మెరుగయ్యారు. పోలిక దగ్గరగా ఉన్నచోటనే ఒక భాష మరోదానికి సాయపడుతుందన్నమాట. లాటిన్‌లో ‘ఎ’, ‘ది’ వంటి మాటలు లేవు. ‘ఐ గో’, ‘ఐయామ్ గోయింగ్’, ‘ఐ డూ గో’ మూడింటికీ అది ‘ఎయో’ అనే ఒక్క రూపమే ఇస్తుంది. ‘గివ్ అప్’, ‘పుట్ ఆఫ్’ వంటి జంటక్రియలకు దానిలో సరితూగే నిర్మాణమే లేదు. వాలిస్ సుదీర్ఘంగా చర్చించిన ‘షల్’, ‘విల్’ భేదాన్ని కూడా లాటిన్ భవిష్యత్కాల రూపం చూపలేదు, గనుక ఈ భాగమంతా లాటిన్ పుస్తకం మూసిన తరువాత ఇంగ్లీషు వాక్యాలతోనే చెప్పుకోవలసి ఉంటుంది.