కుంఫిణీలో రాని ప్రమోషను

కిందటేడాది ఇక్కడ, ఇంగ్లండులో, మా ఆఫీసులో మేనేజరు ఉద్యోగం ఖాళీ అయింది. పదకొండేళ్ళుగా ఆ సాఫ్ట్‌వేర్‌ని కనిపెట్టుకుని ఉన్నవాణ్ణి, నాకే ఇస్తారనుకున్నాను. బయటినుంచి ఒకాయన్ని తెచ్చి, ఆయనకి పని నేర్పమని నాకే చెప్పారు! "మానెయ్యకూడదూ?" అంది మా ఆవిడ. "ఇంటి అప్పో?" అన్నాను. ఆ ఉక్రోషంలో ఉండగా చదివాను కావలి వెంకట లక్ష్మయ్య గారి కథ.

ఏలూరుకి చెందిన కావలి సోదరులు పనిచేసింది ఆనాటి మహా కంపెనీలో. అదే ఈస్టిండియా కంపెనీ, మన పెద్దల నోట కుంఫిణీ. వెంకట బొర్రయ్య 1790లలో సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర చేరారు. ఈ దేశపు విజ్ఞానంలోకి తనకి తలుపు తెరిచింది ఆయనేనని మెకంజీ 1817లో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. బొర్రయ్య 1803లో, ముప్ఫై నిండకుండానే పోయారు. ఆ బాధ్యత సోదరుడు లక్ష్మయ్య మీద పడింది.

ఊరూరికీ మనుషుల్ని పంపడం, కరణాల దగ్గరి కవిలెలు, గుడిగోడల శాసనాలు రాయించి తెప్పించడం, వాటిని ఇంగ్లీషులో పెట్టించడం ఆయన పని. మనం కైఫీయత్తులంటున్నవి అలా పోగైనవే. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో పోయాడు. ఆ సేకరణకి కంపెనీ ఆయన భార్యకి లక్ష రూపాయలిచ్చింది.

మిగిలిన పని తాను పూర్తిచేస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నారు. మద్రాసులో అందుకోసం ఒక సాహిత్య సంఘం కూడా పెట్టారు. మతం, పుట్టుక, రంగు కారణంగా ఎవరికీ కంపెనీలో పదవి నిరాకరించరాదని 1833 చార్టర్ చట్టం చెప్పింది. కాగితం మీద బాగానే ఉంది! మూడేళ్ళకే, 1836లో, ఆ అర్జీని పరిశీలించిన కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఈ పని ఆయనవల్ల, ఆమాటకొస్తే ఏ స్వదేశీయుడివల్లా, కాదని తేల్చాడు. రాతప్రతుల పరిశీలన విలియం టేలర్ అనే మతగురువుకి దక్కింది. రెండు దశాబ్దాలు ఆ పని చేసింది మరెవరట?

పదవి పోతేనేం, కైఫీయత్తులు మిగిలాయిగా అని మిత్రులొకరు ఓదార్చారు. నాకు ఆ మాట రుచించలేదు. లక్ష్మయ్య గారు ఊరుకోలేదు, తనకి రావలసింది నోరువిప్పి అడిగారు. కారణం రాతపూర్వకంగా చెప్పమని నేనూ మా డైరెక్టరుకి రాశాను.

జవాబు ఇంకా రాలేదు.