పిలిస్తే రాని వాలంటీర్లు – పైథాన్ డాక్స్ కథ

ఆఫీసులో "దీనికి డాక్యుమెంటేషన్ ఎవరు రాస్తారు?" అని అడిగి చూడండి. అందరికీ ఒక్కసారిగా అర్జంటు పనులు గుర్తొస్తాయి. జీతం తీసుకునే మనమే ఇలా ఉంటే, పైసా రాని ఓపెన్ సోర్సు ప్రాజెక్టుల సంగతేంటి? నా మటుకు నాకు దీనికి దొరికిన మంచి జవాబు పైథాన్ డాక్స్ చరిత్ర.

గైడో వాన్ రోసమ్ పైథాన్‌ని 1989 చివర్లో మొదలుపెట్టి, 1991లో బయటికి వదిలాడు. అప్పట్లో మాన్యువల్ అంటే ప్రింటు తీసుకుని చదువుకునేదే. అందుకే లేటెక్‌లో రాశారు. కాగితం మీద అందంగానే ఉండేది. చిక్కల్లా వెబ్బు వచ్చాకే. లేటెక్‌ని హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మార్చడం అంత వీజీ కాదు. చాలా ఏళ్ళు డాక్స్ ఎడిటర్‌గా ఉన్న ఫ్రెడ్ డ్రేక్‌కి ఆ మార్పిడి స్క్రిప్టుల్ని బాగుచేసుకోవడంతోనే బోలెడు టైము పోయేది.

లేటెక్ రాకపోయినా ఫర్లేదు, మామూలు టెక్స్టు పంపినా చాలని వాళ్ళు చెబుతూనే ఉన్నారు. కానీ ఆ టెక్స్టుకి ఎవరో ఒకరు లేటెక్ గుర్తులు తగిలించాలి కదా! ఎస్‌జీఎమ్‌ఎల్‌కి మారదాం, ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి మారదాం అన్న సలహాలూ వచ్చాయి. సలహాలకేం కొదవ? పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళే లేరు.

2007లో గెయోర్గ్ బ్రాండల్ ఆ గంట కట్టాడు. మొత్తం డాక్స్‌ని రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లోకి మార్చి, వాటిని వెబ్ పేజీలుగా తయారుచేసే పనిముట్టు కూడా రాశాడు. అదే స్ఫింక్స్. 2008 మార్చిలో విడిగా విడుదలైంది. ఆ ఏడాది అక్టోబర్లో వచ్చిన పైథాన్ 2.6 డాక్స్ దాంతో తయారైనవే.

ఇందులో గొప్పేముంది అంటారా? శీర్షిక కింద గీత గీస్తే అది శీర్షిక. నక్షత్రాల మధ్య పెడితే వాలుగా వస్తుంది. అంటే చదివేవాడికి కనబడేదీ, రాసేవాడు దిద్దేదీ దాదాపు ఒకటే. తప్పు చూసినవాడే తప్పు దిద్దగలడు, మధ్యలో ఇంకొకరి చాకిరీ లేకుండా.

ఆ తర్వాత 2010లో, జాంగో డాష్ అనే 48 గంటల పోటీలో పుట్టిన రీడ్ ద డాక్స్, ఈ డాక్స్‌ని ఉచితంగా ఆన్‌లైన్లో పెట్టే పని నెత్తినేసుకుంది. 2016లో లినక్స్ కెర్నెల్ కూడా స్ఫింక్స్‌కి మారింది.

అన్నట్టు, ఇదంతా నాకెందుకు పట్టిందంటే... మా టీములో డాక్స్ రాయమని రెండుసార్లు మెయిల్ పెట్టాను. ఒక్కరూ కదల్లేదు. అందర్నీ తిట్టుకున్నాను కూడా. ఆనక ఓ శనివారం కూర్చుని, స్ఫింక్స్ పెట్టి, నాకు తెలిసిన నాలుగు పేజీలు రాసి కోడు పక్కనే పడేశాను. సోమవారం సాయంత్రానికి కొత్తగా చేరిన అమ్మాయి నా తప్పు ఒకటి దిద్దింది. ఒక్క లైనే. మెయిళ్ళతో రానిది దాంతో వచ్చింది.

పనిముట్టు మారిస్తే జనం వాళ్ళంతటవాళ్ళే వచ్చేస్తారని కాదు. ముందు ఒకడు ఒళ్ళొంచి చేయాల్సిన మొరటు చాకిరీ ఒకటి ఉంటుంది, దానికి వాలంటీర్లు దొరకరు. అది అయ్యాకే మిగతావాళ్ళకి చేయగలిగినంత చిన్న పని కనబడుతుంది. నేనింతకాలం వాళ్ళకి బద్ధకం అనుకున్నాను. తలుపు వేసి పెట్టింది నేనే!